పదుగురి వ్యాయామశాల



నేడు నేను ముచ్చటింపదలచిన విషయము వినగనే మీలో కొందరు నవ్వుకొందురేమో. ముప్పదియేండ్లకు పైగా నల్లబల్ల యొద్ద నిలిచి సంధులు, సమాసములు చెప్పుకొనిన తెలుగు పండితుడు, అరువదియేండ్లు దాటిన పిదప వ్యాయామశాలను గూర్చి మాటలాడుటయేమని. నాకును మొదట నవ్వే వచ్చినది. కాని నాలుగేండ్ల క్రిందట వైద్యుడు నా రక్తమును పరీక్ష చేయించి, "మాస్టారూ, మాత్రలు నేను వ్రాసి ఇవ్వగలను గాని కండ మాత్రం మీరే పెంచుకోవాలి" అని చెప్పిన దినమున ఆ నవ్వు పోయినది. మనము తినిన అన్నమునుండి రక్తములో చేరు చక్కెరను అధికభాగము కండలే గ్రహించును. ముసలితనము పైబడినకొలది కండ కరగిపోవును. కండ కరగినచోట చక్కెరకు నిలువ చోటు తగ్గును. బరువులెత్తువానికి ఆ కరగుట మందగించునని ఆయన నాకు విప్పి చెప్పెను. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2020వ సంవత్సరమున ప్రకటించిన సూచనలలో కూడ, పెద్దలు వారమునకు 150 నిమిషములకు తగ్గక నడక వంటి శ్రమ చేయవలెననియు, వారమున 2 దినములైనను కండలకు బలము నిచ్చు వ్యాయామము చేయవలెననియు, 65 ఏండ్లు నిండినవారు తూలిపడకుండుటకై వారమున 3 దినములు నిలుకడ నిచ్చు అభ్యాసములు కూడ చేయవలెననియు ఉన్నది.

నడకకు చెరువుగట్టు చాలును. బరువులకు మాత్రము ఒక చోటు కావలెను. ఆ చోటు మన ఒక్కరిది కాదు. చిక్కంతయు అచ్చటనే యున్నది.

మా చిన్ననాట ఊరిచివర ఒక గరిడీ యుండెడిది. తాటాకుల పాక, లోపల త్రవ్వి మెత్తన చేసిన మన్ను, తూర్పుగోడకు ఆంజనేయస్వామి పటము, మూలను కఱ్ఱలు, గదలు, రెండు సంగిడి రాళ్లు. అంతే సరంజామా. కోడి రామమూర్తినాయుడుగారి పేరు చెప్పుకొని పిల్లలు దండీలు, బస్కీలు తీసెడివారు. వీరఘట్టమున పుట్టి, సర్కసు నడిపి, దేశమంతట పేరుమోసిన ఆ మహాబలుడు 1942లోనే కీర్తిశేషుడైనను, 1960వ దశకమున మా గరిడీలో ఆయన నిన్నమొన్నటి మనిషియే. నేను కఱ్ఱసాములో ఏనాడును రాణింపలేదు. అమరము వల్లెవేయవలసిన వేళకు గరిడీలో దొరకితినని మా తండ్రిగారు చెవి మెలిపెట్టుట మాత్రము చక్కగా జ్ఞాపకమున్నది.

ఆ గరిడీలో ఒకరివలన ఒకరికి చికాకు కలిగి మాటపట్టింపు వచ్చినట్లు నే నెరుగను. అప్పటివారందరు సాధువులగుటచేత కాదు. వస్తాదు ఉండుటచేత. ఎవని వంతు ఎప్పుడో, ఎవడెచ్చట నిలువవలెనో ఆయన కనుసన్నతోనే తేలిపోయెడిది. గద త్రిప్పినవాడు దానిని తుడిచి మూలకు చేర్చకపోయెనా, మరునాడు వానికి 100 బస్కీలు అదనము. ఎదురు మాటలాడినవాడు లేడు. ఆయన ముందర మాటలాడవలసిన అవసరమే లేదు.

ఇప్పుడు మాకు కూతవేటు దూరమున వెలసిన వ్యాయామశాలలో, పిల్లలు జిమ్ము అందురు, వస్తాదు లేడు. నెలకింతయని రుసుము చెల్లించినవారందరును సమానులే. శిక్షకు డొకడు కలడు గాని వానికి 25 ఏండ్లు. నా యొద్ద ఎనిమిదవ తరగతి చదివినవాడు. నన్నేమనగలడు? గోడకు నియమముల పత్రమొకటి అంటించియున్నారు. దానిని సాంతముగ చదివినవాడను నే నొక్కడనే యని నా నమ్మకము. అదియు "వ్యాయమశాల" అని దీర్ఘము తప్పి అచ్చుపడినదానిని పెన్సిలుతో దిద్దుటకై.

మొదటి దినమున నాకు సంభవించిన చికాకు నా పంచెవలన. నడకయంత్రముపై, అనగా కాళ్లక్రింద పట్టా కదలుచుండ ఉన్నచోటనే నడచు యంత్రముపై, పంచెకట్టుతో నెక్కబోతిని. శిక్షకుడు పరుగెత్తుకొని వచ్చి ఆపెను. కుచ్చెళ్లు పట్టాలో చిక్కుకొనినచో మనిషి బోర్లపడుట నిశ్చయము. వాడు చెప్పినది న్యాయమే. అయినను ఆ వయస్సున పదిమంది యెదుట వస్త్రధారణము గూర్చి శిష్యునిచేత చెప్పించుకొనుట నాకు గుచ్చుకొన్నది. మరునాటినుండి మా మనుమని లాగు వంటిది ఒకటి తొడిగికొని పోవుచున్నాను. ఇంటినుండి బయలుదేరునపుడు మాత్రము పైన పంచెయే. మా వీధివారికి ఇంకను ఆ లాగు దర్శనము కాలేదు.

తరువాత వరుసగా వచ్చినవి. ఒకడు కడ్డీకి తొడిగిన ఇనుపబిళ్లలను పని తీరగనే నేలమీద విడిచిపోవును. అట్టి 10 కిలోల బిళ్ల నా బొటనవ్రేలికి తగిలి గోరు నల్లబడి ఊడినది. ఇంకొకడు పరుండి బరువెత్తిన బల్లపై వాని వెన్ను ఆకారమున చెమట నిలిచియుండును. ఇది కేవలము అసహ్యము మాత్రమే కాదు. తామర వంటి చర్మరోగములు తడిచోట్లవలనను, ఒకరి తుండుగుడ్డ మరియొకరు వాడుటవలనను ప్రాకును. కాబట్టి మన తుండు మనము తీసికొనిపోవలెను. కూర్చుండుటకు ముందొకసారి, లేచిన పిదప ఒకసారి తుడువవలెను. ముందుసారి ఎందుకందురా? వెనుకటివాడు తుడిచెనో లేదో యని వాదించుటకంటె తుడిచికొనుట తక్కువ శ్రమ.

పాటల సంగతి చెప్పవలెను. ఉదయము 6 గంటలకే గోడలదరునట్లు సినిమాపాట. అది ఎంత బిగ్గరయన్న, ప్రక్కవాడు "తాతగారూ" అని పిలిచిన వినబడదు. నేను కొన్నాళ్లు చెవులలో దూది పెట్టుకొంటిని. తుదకు శిక్షకుని ప్రక్కకు పిలిచి అడిగితిని. వాడు, "పాట లేకపోతే కుర్రాళ్లకు చేతులు లేవవండి" అనెను. ఇదెక్కడి మాటయని అనబోయి ఆగితిని. దసరాకు, పీర్ల పండుగకు మా ఊరి సాము జట్టు వీధిలోనికి వచ్చినపుడు ముందు డప్పు లేకుండ ఏనాడైన కఱ్ఱ లేచినదా? కాబట్టి బేరము కుదుర్చుకొంటిమి. పెద్దవారు వచ్చు తొలి గంట పాట సన్నగా, ఆపైన వారి యిష్టము. కోపముతో అడిగియుంటినేని ఈ గంట కూడ దక్కెడిది కాదు.

అడుగకుండ సలహాలిచ్చువారొకరు. ఆయన నా యీడువాడే, నాకంటె రెండు నెలలు ముందు చేరినవాడు. నేనేది పట్టుకొన్నను, "అట్లు కాదండి" అనుచు వచ్చును. ఒకనాడు నా భుజములను తానే పట్టుకొని వంచెను. నాకు రక్తపుపోటు కూడ కొంచెము కలదు. ఊపిరి బిగబట్టి బరువెత్తినచో పోటు ఒక్కసారిగా పెరుగును గనుక, ఎత్తునపుడు ఊపిరి విడువవలెనని వైద్యుడు చెప్పియుండెను. ఈయన "బిగబట్టండి, బిగబట్టండి" అని నా చెవిలో! ఆయనతో వాదించుట వ్యర్థమని తెలిసికొని, "అయ్యా, వైద్యుడు నాకు వేరు విధముగ చెప్పినాడు, మీ అభిమానమునకు కృతజ్ఞుడను" అని ప్రతిదినము ఒకే వాక్యము చెప్పసాగితిని. పదునాలుగవ దినమున ఆయన మానివేసెను. వాక్యము మార్చియుంటినేని సంభాషణ పెరిగెడిదే.

వాగ్భటుడు అష్టాంగహృదయమున, బలవంతుడైనను తన శక్తిలో సగముమట్టునకే వ్యాయామము చేయవలెనని చెప్పియున్నాడు. ఆ మాట మన కుర్రవాండ్రకు రుచింపదు. బుసకొట్టుచు, కేకలు వేయుచు, మోయలేని బరువును ధబ్బున జారవిడుతురు. ఆ కేకలు మొదట నాకు దుస్సహముగ నుండెను. ఇప్పుడు వినబడుటయే లేదు. అన్ని చికాకులకును మందు వేయనక్కరలేదు. కొన్ని తమంత తామే మానును.

ఇక అసలు సంగతికి వచ్చుచున్నాను. ఇది చెప్పుటకు నాకు సిగ్గుగానే యున్నది.

కాళ్లకు బలమిచ్చు యంత్రమొకటి కలదు. కూర్చుండి, ఇనుపబిళ్లల దొంతిని కాళ్లతో త్రోయుట. దొంతిలో చీల ఎన్నవ బిళ్లక్రింద దూర్చిన అంత బరువు. మోకాళ్ల బలమునకు ఇది నాకు ముఖ్యము. ఒకనాటి ఉదయము పొరుగూరి యువకు డొకడు దానిపై కూర్చుండి చేతిఫోనును చూచుచుండెను. నేను ఎదుట నిలిచితిని. వాడు కొంతసేపు కాళ్లాడించి, మరల ఫోను చూచును. పది నిమిషములు గడిచినవి. నేను దగ్గితిని. వాడు గమనింపలేదు. నా ముప్పదియేండ్ల తరగతి పెత్తనమంతయు గొంతులోనికి వచ్చినది. అందరికిని వినబడునట్లు, "తండ్రి కష్టార్జితము రుసుము కట్టి ఇచ్చట ఫోను చూచుటకు వచ్చితివా? ఆ చూచుట ఏదో ఇంటియరుగు మీద చూచుకొనరాదా?" అంటిని.

పాట నడుచుచునే యున్నది గాని మనుష్యులందరు నిశ్శబ్దమైరి. ఆ అబ్బాయి లేచెను. ఒక్కమాట ఎదురాడలేదు. తన తుండుతో ఆ పీటను శుభ్రముగ తుడిచి, చీలను తీసి పై బిళ్లకు మార్చి, నాకు చోటిచ్చి వెడలిపోయెను. ఆ తుడుచుట చూచినపుడే నాకు ఏదో తప్పు జరిగినదని తోచినది. అయినను కూర్చుండి నా లెక్క నేను పూర్తి చేసితిని.

మరునాడు వాడు రాలేదు. మూడవనాడును రాలేదు. శిక్షకుని అడిగితిని. వాడు తల వంచుకొని చెప్పెను. ఆ ఫోనులో వాడు చూచుచుండినది గడియారము. ఒక వరుసకును మరియొక వరుసకును నడుమ 2 నిమిషములు కండకు విశ్రాంతి నీయవలెనని తానే నేర్పెనట. పోలీసు కానిస్టేబులు ఎంపికకై 1600 మీటర్ల పరుగునకు వాడు సిద్ధమగుచున్నాడు. గడువు 40 దినములు. తండ్రి గతించి రెండేండ్లైనది. రాత్రులు బియ్యపుమిల్లులో బస్తాలు మోసి ఆ కూలిడబ్బులతో రుసుము కట్టుకొనుచున్నాడు.

నేను మాటలాడలేకపోయితిని. శిక్షకుడు కొంచెము తటపటాయించి ఇంకొకటి కూడ చెప్పెను. "మాస్టారూ, మీరేమీ అనుకోకండి. ఆ యంత్రాన్ని కుర్రాళ్లు 'మాస్టారి అరుగు' అంటారు."

ఏల? నేను దానిపై కూర్చుండి, పది త్రోపులు త్రోసి, ప్రక్కనున్న వృద్ధమిత్రునితో వరిధరలు మొదలు వార్తాపత్రికలోని సంగతులన్నియు ముచ్చటించుచు అరగంట గడుపుదునట. నిలువబడినవారు నిలువబడియే యుందురట. నా యొద్ద చదివినవారు గనుక ఎవరును నోరు తెరువలేదట. ఏ చికాకులను నేను నాలుగు నెలలుగా లెక్కించుచుంటినో, ఆ లెక్కలో నేను లేను. వారి లెక్కలో మొదటివాడను నేనే.

అయిదవనాడు ఆ అబ్బాయి యింటికి పోయితిని. తల్లి నులకమంచము వాల్చి, మజ్జిగ యిచ్చినది. నేనెందుకు వచ్చితినో ఆమెకు తెలియదు. వాడు చెప్పలేదు. వాడు పెరటినుండి వచ్చి, "మాస్టారూ, మీరు వచ్చారేమిటి" అనెను. "నాయనా, నేను తప్పుగా మాటలాడితిని. మీ నాయనగారి మాట యెత్తుట మరింత తప్పు. పదిమందిలో అంటిని గనుక పదిమందిలోనే చెప్పుకొందును, నీవు రేపు రావలెను" అంటిని. ముప్పదియేండ్లలో ఏ విద్యార్థితోను నేనట్లు అనియుండలేదు. అనవలసిన సందర్భములు లేకపోలేదు. వాడు చాలసేపు నేలచూపు చూచి, తుదకు, "మీరు 'ఇంకా ఎన్ని సెట్లు బాబూ' అని అడిగివుంటే 'రెండే మాస్టారూ' అనేవాణ్ని" అనెను.

ఇంతే మాట. నా పది నిమిషముల నిరీక్షణమునకు, దగ్గునకు, కేకకు బదులు ఈ ఒక్క ప్రశ్న చాలియుండెడిది.

మన పెద్దల సంగతి నేను చెప్పనేల? మనకు రెండే తెలియును. ఆజ్ఞాపించుట, లేదా మూతి ముడుచుకొని యింటికి పోయి కోడలితో చెప్పుకొనుట. సమానునివలె అడుగుట మనము నేర్వలేదు. వస్తాదు ఉన్న గరిడీలో దాని యవసరము రాలేదు. ఇంటిలోను, పొలములోను మనమే వస్తాదులమైతిమి. ఇప్పుడు అరువదియైదవ యేట నేర్చుకొనవలసి వచ్చినది. నేను అప్పటినుండి పాటించునది ఏమనగా: చికాకు కలిగిన తొలి నిమిషముననే అడుగుట. నిలిచి కోపము కాచుకొనినచో పది నిమిషములలో అది కేక యగును. దగ్గరగా పోయి, ఒక్కనికి మాత్రము వినబడునట్లు, ప్రశ్నగా అడుగుట. "ఇంక ఎన్ని వరుసలు?" "నీ విశ్రాంతిలో నేనొక వరుస చేసికొందునా?" ఈ రెండవ ప్రశ్న మిక్కిలి లాభకరమైనది. వాని 2 నిమిషముల విశ్రాంతిలో నా పది త్రోపులు అయిపోవును. నా విశ్రాంతిలో వాడు చేసికొనును. ఒక్క యంత్రముపై ఇద్దరము, ఎవరికిని ఆలస్యము లేదు. నడుమ చీల మార్చుకొనుటయే పని.

బిళ్లలు నేలమీద వదలు అబ్బాయినికూడ అట్లే అడిగితిని. నా నల్లబడిన గోరు చూపి, "బాబూ, నా కన్ను మందగించినది, నీవు ఈ బిళ్లలను గోడకు చేర్చెదవా" అంటిని. వాడు చేర్చెను. వారమునకు రెండుసార్లు మరచిపోవును. అప్పుడు నేనే 5 కిలోలవి తీసిపెట్టుదును. పెద్దవి వానిని పిలిచి తీయింతును. అదియు వ్యాయామమే గదా!

అయితే, అన్నిటికిని ఓర్పు, మెత్తని మాట అని నేను చెప్పుటలేదు. మా వ్యాయామశాలలో సాయంకాలము 4 గంటలనుండి 6 గంటలవరకు స్త్రీల సమయము. కొందరు మగవాండ్రు ఆ వేళకు వెడలిపోక, అద్దముల యెదుట చేతులు మడచి చూచుకొనుచు, కంటికొసలనుండి అటు చూచుచు తారాడుచుండిరి. ఒక ఉపాధ్యాయురాలు రెండు దినములు వచ్చి మానుకొనినదని మా కోడలు చెప్పినది. ఇది చికాకు కాదు, దౌర్జన్యము. దీనికి ఓర్చుకొనవలసినది ఆమె కాదు. మేము వృద్ధులము నలుగురము యజమాని యొద్దకు పోయి, 4 గంటలకు తలుపు మూసి తెరువవలెనని, లేనియెడల మా నలుగురి రుసుమును రాదని చెప్పితిమి. మరుసటి సోమవారమునుండి తలుపు మూయుచున్నారు. ఆ ఉపాధ్యాయురాలు మరల వచ్చినది. ఈ ఒక్క విషయమున పెద్దరికమును వాడుకొంటిమి. ఊరిలో పెద్దరికము ఇట్టి పనులకై యుండవలె గాని యంత్రము పట్టుకొని కూర్చుండుటకు కాదు.

ఆ అబ్బాయి వచ్చెనా యని మీరడుగుదురు. మరునాడే వచ్చెను. నేను చెప్పిన ప్రకారము పదిమంది యెదుట మాట చెప్పబోగా వాడు, "వద్దు మాస్టారూ" అని నా చేయిపట్టుకొని ఆ యంత్రము నొద్దకు తీసికొనిపోయెను. నేను మాత్రము చెప్పియే కూర్చుంటిని. వాడు 1600 మీటర్ల పరుగున నెగ్గెను. వ్రాతపరీక్ష యొక్క ఫలితము ఇంకను రావలసియున్నది. ఈ నడుమ వానికి తెలుగు వ్యాకరణపు ప్రశ్నలు కొన్ని నేను చెప్పుచున్నాను, వరుసకు వరుసకు నడుమ, ఆ 2 నిమిషములలోనే. వాడు ఫోనులో గడియారము చూచుకొని, "కాలమైంది మాస్టారూ, లేవండి" అనును. నేను తుండుతో పీట తుడిచి లేచుచున్నాను.

మిత్రులతో ముచ్చటలు ఇప్పుడు బయట వేపచెట్టుక్రింద. పిల్లలు ఆ చెట్టుమొదటికి ఏమి పేరు పెట్టిరో నేనింకను విచారింపలేదు.

సెలవు.